ఉక్రెయిన్‌పై యుద్ధం సమర్థనీయమా? మన తీర్మానంలోని రెండో వాక్యంపై చర్చ

పెదవాల్తేరు పాఠకుడు
సోమవారం, రాత్రి 9.10

సభ్యులకు నమస్కారం. నిన్నటి సమావేశంలో గదికి తాళం వేసే వేళ దాటినా తెగని విషయాన్ని ఇక్కడ కొనసాగించమని పెద్దలు చెప్పినందువల్ల ఈ చర్చను ప్రారంభిస్తున్నాను. రాలేకపోయినవారి కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను. మన విశాఖ చదువరుల బృందం వార్షిక సంచికలో అచ్చు వేయడానికి ఉక్రెయిన్ యుద్ధంపై ఒక తీర్మానం ముసాయిదాను సభలో చదివారు. అందులో పశ్చిమ దేశాల సైనిక కూటమి నాటోను ప్రస్తావించే రెండో వాక్యం ఇది: "నాటో విస్తరణ వల్ల తన ఉనికికే ముప్పు ఏర్పడినప్పుడు రష్యా ఆయుధం పట్టడం సమర్థనీయం, ఇందులో జరిగిన ప్రాణనష్టం అనివార్యం." ఈ వాక్యం వినగానే ఇద్దరు సభ్యులు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవారిలో ఇంచుమించు సగం మంది చేతులెత్తారు, సగం మంది ఎత్తలేదు.

నా అభిప్రాయం దాచుకోను. నేను చెయ్యి ఎత్తలేదు. రష్యాకు ఫిర్యాదులు లేవని నేను అనడం లేదు. ఫిర్యాదు ఉండటం వేరు, ఆ ఫిర్యాదు తీర్చుకోవడానికి పొరుగు దేశపు రాజధాని మీదికి ట్యాంకులు పంపడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని మన తీర్మానం ఒక్క వాక్యంతో దాటేసింది. ముసాయిదా రాసిన ఉక్కునగరం పెద్దాయన మీద నాకు గౌరవం ఉంది. ఆయనే ముందుగా తమ వాదన వివరంగా రాస్తే, మిగిలినవారు దానికి సమాధానం చెప్పవచ్చు.

ఉక్కునగరం
సోమవారం, రాత్రి 10.45

ఆ వాక్యం నేను రాసిందే, దానికి బాధ్యత నాదే. లేచి వెళ్ళిన ఇద్దరినీ నొప్పించాలన్నది నా ఉద్దేశం కాదు.

నేను ఉక్కు కర్మాగారంలో చేరేనాటికి అక్కడ తుప్పలు, ఎర్రమట్టి తప్ప మరేమీ లేవు. అప్పుడు మా మధ్య గమ్‌బూట్లు వేసుకుని తిరిగిన సోవియట్ నిపుణులు మాకు పని చేసి చూపించి నేర్పారు. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' వెలిగిన రోజు మా పక్కన నిలబడ్డది వాళ్ళే. పశ్చిమ దేశాలు మనకు ఉక్కు పరిశ్రమ ఎందుకని అడిగిన కాలంలో సాంకేతిక పరిజ్ఞానం ఇచ్చిన దేశం అది. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో మనకు వ్యతిరేకంగా భద్రతా మండలిలో వచ్చిన తీర్మానాలను మూడుసార్లు వీటో చేసిన దేశమూ అదే.

అయితే నేను కృతజ్ఞత ఒక్కటే చూసి మాట్లాడటం లేదు. వరుసగా జరిగినవి చూడండి. సోవియట్ యూనియన్ విడిపోయాక, దాని సైనిక కూటమి వార్సా రద్దయ్యాక కూడా నాటో రద్దు కాలేదు సరికదా, 1999లో మూడు దేశాలనూ 2004లో మరో ఏడు దేశాలనూ చేర్చుకుని రష్యా గుమ్మం దాకా వచ్చింది. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్ సమావేశంలో ఉక్రెయిన్, జార్జియా ఏదో ఒకనాడు సభ్యులవుతాయని ప్రకటించారు. 2014లో కీవ్‌లో ఎన్నికైన అధ్యక్షుడు ఆందోళనల మధ్య దేశం విడిచి పోవలసి వచ్చింది. ఆ తరువాత తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్‌లో మొదలైన పోరులో 2021 చివరికి ఇరువైపులా కలిపి సుమారు 14 వేల మంది చనిపోయారని ఐక్యరాజ్యసమితే లెక్క చెప్పింది. ఆ పోరు ఆపడానికి చేసుకున్న మిన్స్క్ ఒప్పందం ఉక్రెయిన్‌కు వ్యవధి ఇచ్చే ప్రయత్నమని, ఆ వ్యవధిలో అది బలపడిందని, దాన్ని కుదిర్చినవాళ్ళలో ఒకరైన జర్మనీ మాజీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ 2022 డిసెంబరులో స్వయంగా అన్నారు. ఒప్పందం చేసుకున్నవాళ్ళే దాన్ని వాయిదాగా వాడుకుంటే అవతలివాడు ఇక ఏ కాగితాన్ని నమ్మాలి? 1962లో క్యూబాలో క్షిపణులు పెడితే అమెరికా ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుదాకా తీసుకుపోయింది. ఆ హక్కు అమెరికాకు ఉండి రష్యాకు ఎందుకు లేదో నాకు ఎవరూ చెప్పలేదు.

మద్దిలపాలెం
మంగళవారం, ఉదయం 7.20

నేను అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధిస్తాను కాబట్టి ఆ పరిధిలోనే సమాధానం చెబుతాను. ఐక్యరాజ్యసమితి చార్టర్ రెండో అధికరణంలోని నాలుగో క్లాజు ఏ దేశమూ మరో దేశపు సరిహద్దుల మీద బలప్రయోగం చేయరాదంటుంది. దానికి ఉన్న ప్రధానమైన మినహాయింపులు రెండే. భద్రతా మండలి అనుమతి ఒకటి, 51వ అధికరణం చెప్పే ఆత్మరక్షణ రెండోది. ఆత్మరక్షణ అనాలంటే సాయుధ దాడి జరిగి ఉండాలి. ముందస్తు ఆత్మరక్షణను ఒప్పుకునే పండితులు కూడా ఆ దాడి రేపో మాపో తప్పదన్నట్టు కళ్ళెదుట ఉండాలంటారు. 2022 ఫిబ్రవరి 24 నాటికి ఉక్రెయిన్ రష్యా మీద దాడికి దిగలేదు. నాటో సభ్యత్వానికి తేదీ కూడా లేదు. బుకారెస్ట్ మాట చెప్పి అప్పటికి పద్నాలుగేళ్ళు గడిచినా ఒక్క అడుగు ముందుకు పడలేదు.

పెద్దాయన ఒప్పందాల గురించి అడిగారు కాబట్టి, 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో సంతకమైన కాగితాన్ని గుర్తు చేస్తున్నాను. తన భూభాగంలో ఉన్న సోవియట్ అణ్వాయుధాలను ఉక్రెయిన్ వదులుకుంది. బదులుగా రష్యా, అమెరికా, బ్రిటన్ దాని సరిహద్దులను గౌరవిస్తామని మాట ఇచ్చాయి. ఇరవై ఏళ్ళు తిరగకుండానే ఉక్రెయిన్‌లోని క్రిమియాను కలుపుకున్నది మాట ఇచ్చిన ముగ్గురిలో ఒకరు. మిన్స్క్ కాగితాన్ని తూచే త్రాసులో ఈ కాగితాన్నీ వేయాలి కదా.

ఇంకొక సంగతి. ఫిన్లాండ్‌కు రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. అది 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. రష్యా ఆ దేశం మీద యుద్ధానికి పోలేదు. నాటో గుమ్మం దాకా రావడమే ఉనికికి ముప్పయితే అక్కడా అదే ముప్పు ఉండాలి. ఉక్రెయిన్ విషయంలో అసలు తేడా ఏమిటో 2021 జులైలో పుతిన్ పేరుతో వచ్చిన వ్యాసంలోనే కనిపిస్తుంది. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే ప్రజ అని అందులో ఆయన వాదించారు. పొరుగువాడు వేరే ఇల్లు కట్టుకోవడాన్నే ఒప్పుకోని వాదన అది. దానికి ఆత్మరక్షణ అన్న పేరు అతకదు.

హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2022 మార్చి 16న సైనిక చర్యను తక్షణం ఆపమని 13–2 మెజారిటీతో ఆదేశించింది. మన దేశానికి చెందిన న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఆ పదముగ్గురిలో ఉన్నారు.

కంచరపాలెం
మంగళవారం, మధ్యాహ్నం 1.35

మేడమ్ గారు చెప్పిన అధికరణాలన్నీ చదవడానికి బాగున్నాయి. 1999లో భద్రతా మండలి అనుమతి లేకుండా యుగోస్లావియాపై నాటో 78 రోజులు బాంబులు వేసినప్పుడు అవి ఎక్కడున్నాయి? 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి భద్రతా మండలిలో కూర్చుని ఇరాక్ దగ్గర సామూహిక వినాశక ఆయుధాలు ఉన్నాయని చెప్పారు. యుద్ధం చేశారు, దేశం నాశనమైంది, ఆయుధాలు దొరకలేదు. ఎవరి మీద ఆంక్షలు పెట్టారు? ఎవరిని న్యాయస్థానానికి ఈడ్చారు? బలహీనుడికి చట్టం, బలవంతుడికి మినహాయింపు అన్నదే ఈ లోకంలో నడుస్తున్నప్పుడు, ఒక్క రష్యా మీదే మనం తీర్మానం రాసి సంతకాలు పెట్టడం పశ్చిమ దేశాల వాదనను మన భుజాన వేసుకోవడం కాదా? 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 141 దేశాలు రష్యా దాడిని ఖండించినా మన దేశం ఓటు వేయలేదు. అలా ఓటు వేయని 35 దేశాలలో ఉండటమే మనకు మర్యాద అని నా నమ్మకం. ఆ మార్చిలో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు ధర చూసి మా అమ్మ దుకాణం దగ్గర నుంచి ఖాళీ సంచితో తిరిగొచ్చింది. మన వంతు నష్టం మనం మోశాం, మళ్ళీ ఒక పక్షం మోయనక్కర్లేదు.

భీమిలి మాస్టారు
మంగళవారం, రాత్రి 8.50

తమ్ముడు కంచరపాలెం అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అయితే దాని నుంచి అతను తీసిన ముగింపు తలకిందులుగా ఉంది. ఇరాక్ యుద్ధం అన్యాయమని మనం అన్నది ఎందువల్ల? ఒక బలమైన దేశం లేని ముప్పును చూపించి మరో దేశం మీద పడ్డందువల్ల. 2003 ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసింది. ఆ రోజు మన ఊళ్ళో నిరసన ప్రదర్శనల్లో నడిచినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఉక్కునగరం పెద్దాయనా ఉన్నారు. ఆ రోజు మనం పట్టుకున్న కొలబద్దను ఈ రోజు ఇంట్లో పెట్టి రావడం కుదరదు. అమెరికా శిక్ష తప్పించుకుంది కాబట్టి రష్యాకూ తప్పించుకునే హక్కు ఉందంటే, రేపు మన సరిహద్దు మీదికి ఎవరైనా వచ్చినప్పుడు మనం ఏ నోటితో ప్రపంచాన్ని పిలుస్తాం?

మన దేశం ఇలా తడబడటం కొత్త కాదు. 1956లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ సూయెజ్ మీద దాడి చేసినప్పుడు గట్టిగా ఖండించిన మనం, అదే రోజుల్లో సోవియట్ సేన బుడాపెస్ట్ వీధుల్లోకి దిగినప్పుడు నోరు విప్పడానికి వెనుకాడాం. అప్పటి విమర్శ మన విదేశాంగ విధానాన్ని చాలా కాలం వెంటాడింది. ప్రభుత్వానికి చమురు, ఆయుధాలు, సరిహద్దులో చైనా, ఇలా సవాలక్ష లెక్కలు ఉంటాయి, వాటిని నేను తక్కువ చేయను. ఓటు వేయకపోవడం ప్రభుత్వానికి అవసరం కావచ్చు. పుస్తకాలు చదువుకునే నలభై మందికి ఆ అవసరం ఏమొచ్చింది? పైగా ఓటు వేయని ప్రభుత్వం కూడా యుద్ధం సమర్థనీయమని ఎన్నడూ అనలేదు. 2022 సెప్టెంబరులో సమర్కండ్‌లో ఇది యుద్ధాల యుగం కాదని ప్రధాని పుతిన్ ముఖం మీదే చెప్పారు. మన ముసాయిదా ప్రభుత్వం అనని మాట అంటోంది.

యుద్ధానికి ముందు అన్ని దారులూ మూసుకుపోయాయా అన్నది మన పెద్దలు మొదట అడిగే ప్రశ్న. రాజ్యంలో సగం అడగవలసినవాళ్ళు ఐదూళ్ళు చాలని రాయబారం పంపిన కథ మన పల్లెల్లో నాటకం చూసిన ప్రతివారికీ తెలుసు. కీవ్ మీద దాడికి రెండు వారాల ముందు కూడా ప్యారిస్ నుంచి, బెర్లిన్ నుంచి అధినేతలు మాస్కోకు వచ్చి పుతిన్ పొడుగాటి బల్లకు ఇటువైపు కూర్చుని మాట్లాడి వెళ్ళారు. తలుపు మూసింది వాళ్ళు కాదు.

ఉక్కునగరం
మంగళవారం, రాత్రి 11.30

మాస్టారు 1956 గుర్తు చేశారు. నేను 1971 గుర్తు చేస్తాను. ఈ ఊళ్ళో కూర్చుని ఆ సంవత్సరాన్ని దాటి వెళ్ళడం ఎవరి తరమూ కాదు. బీచ్‌రోడ్డులో విజయ స్మారకం ముందు నుంచి రోజూ నడిచే మనం ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. 1971 డిసెంబరు 7న సర్వప్రతినిధి సభలో కాల్పులు ఆపి సేనలను వెనక్కు తీసుకోవాలన్న తీర్మానానికి 104 దేశాలు ఓటు వేశాయి. వ్యతిరేకించింది పదకొండు. ఆ పదకొండులో మనం, సోవియట్ యూనియన్, దాని మిత్రులు ఉన్నాం. మేడమ్ గారి చార్టర్ ప్రకారం చూస్తే పాకిస్తాన్ సరిహద్దు దాటి ఢాకా దాకా పోయిన మనం దోషులం కామా? బెంగాలీలను పాక్ సైన్యం చంపుతుంటే చూస్తూ ఊరుకోలేదని మనం గర్వంగా చెప్పుకుంటాం. డాన్‌బాస్‌లో రష్యన్ మాట్లాడేవాళ్ళు చనిపోతుంటే ఊరుకోలేదని రష్యా అంటే అది మాత్రం దురాక్రమణ అవుతుందా? ఆనాడు 104 దేశాలు తప్పు, ఈనాడు 141 దేశాలు ఒప్పు అనడానికి ఆధారం ఏమిటో చెప్పండి. దీనికి సమాధానం వస్తే నేను నా వాక్యాన్ని మళ్ళీ చదువుకుంటాను.

తూర్పు తీరం
బుధవారం, ఉదయం 6.05

నేను నౌకాదళంలో ఇంజను గది మనిషిని. ఆదివారం లేచి వెళ్ళిన ఇద్దరిలో ఒకణ్ణి. కోపంతో వెళ్ళాను, అది తప్పే. కూర్చుని చెప్పవలసింది ఇప్పుడు చెబుతున్నాను.

1971 ప్రశ్న గట్టిదే, దాన్ని తప్పించుకోకూడదు. ముందుగా, ఆ యుద్ధానికి ముందు ఏం జరిగిందో చూడాలి. మార్చి నుంచి నవంబరు దాకా సుమారు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. ప్రధానమంత్రి రాజధానులన్నీ తిరిగి చెప్పుకున్నారు. డిసెంబరు 3 సాయంత్రం మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేసింది పాకిస్తాన్. సరిహద్దు ఘర్షణలు, బెంగాలీ పోరాట దళం ముక్తిబాహినికి మన సాయం అంతకు ముందే ఉన్నాయని నాకు తెలుసు, దాచను. అయినా ఆ రాత్రి మన ఊరి బయట నీళ్ళలో పొంచి ఉన్నది వాళ్ళ ఘాజీ జలాంతర్గామి. అది ఇప్పటికీ ఈ సముద్రం అడుగునే ఉంది. డాన్‌బాస్‌లో జరిగింది ఘోరమే, కానీ ఆ మరణాల్లో అత్యధికం 2014, 2015లలోనివి. చనిపోయిన పౌరులు ఆ ఎనిమిదేళ్ళలో మూడు వేల నాలుగు వందల పైచిలుకు, అందులో 2021లో చనిపోయినవారు ముప్పై లోపు. ఆ పోరులో రష్యా బయటి మనిషి కూడా కాదు, ఒక పక్షానికి ఆయుధాలూ మనుషులనూ పంపుతూనే వచ్చింది. ఆరుతున్న మంటను ఆర్పడానికని ఊరంతా తగలబెట్టడం రక్షణ కాదు.

రెండోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. యుద్ధం అయిపోయాక ఎవరు ఏం పట్టుకెళ్ళారు? డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు జరిగింది. 1972 మార్చి కల్లా మన సేన తిరిగి వచ్చేసింది. తూర్పున ఒక్క గజం నేల మనం కలుపుకోలేదు. 93 వేల మంది యుద్ధఖైదీలు మన చేతిలో ఉన్నా, పశ్చిమాన పట్టుకున్న భూమిలో చాలా భాగం సిమ్లా ఒప్పందం తరువాత వెనక్కి ఇచ్చాం. రష్యా 2022 సెప్టెంబరు 30న నాలుగు ప్రాంతాలను తనలో కలుపుకున్నట్టు ప్రకటించింది. వాటిలో కొన్ని పట్టణాలు అప్పటికింకా దాని చేతిలో కూడా లేవు. కాపాడటానికి వెళ్ళినవాడు తిరిగి వస్తాడు. పట్టా రాయించుకున్నవాణ్ణి కాపాడటానికి వెళ్ళాడని ఎలా అంటాం?

మూడోది కృతజ్ఞత సంగతి. నేను ఎక్కువ కాలం పని చేసింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మీద. 2021 మే నెలలో ఇక్కడే ఆ నౌకకు వీడ్కోలు చెప్పారు. ఇంజను గదిలో ప్రతి మీటరు మీదా, ప్రతి వాల్వు మీదా రష్యన్ అక్షరాలే. నా కొడుకు అ ఆలు దిద్దుతున్నప్పుడు నేను ఆ అక్షరాలు నేర్చుకుంటున్నాను. అలాంటి ఓడలను మేమందరం రష్యన్ ఓడలనే పిలిచాం. కాని రాజ్‌పుత్‌ను కట్టింది మికొలాయివ్ నౌకానిర్మాణ కేంద్రంలో, ఆ ఊరు ఉక్రెయిన్‌లో ఉంది. మన ఊరి పేరు పెట్టుకుని 2021 నవంబరులో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం కూడా మికొలాయివ్‌లో తయారైన గ్యాస్ టర్బైన్లతోనే నడుస్తోంది. బీచ్‌రోడ్డులో పిల్లలు టికెట్టు కొని చూసే కురుసుర జలాంతర్గామి 1969లో రీగాలో మన దళంలో చేరింది. రీగా ఇప్పుడు నాటో సభ్యదేశమైన లాత్వియాకు రాజధాని. పెద్దాయనా, మనం రుణపడ్డది మాస్కో ఒక్కదానికే కాదు. 2022 మార్చి 29న మికొలాయివ్‌లో జిల్లా కచేరీ లాంటి పెద్ద భవనం మీద క్షిపణి పడి నడిమధ్య భాగం కూలిపోయింది, 37 మంది చనిపోయారు. ఆ ఫొటో టీవీలో చూసినప్పుడు నా ఓడను కట్టినవాళ్ళ పిల్లలెవరైనా అందులో ఉన్నారేమో అనుకున్నాను.

కంచరపాలెం
బుధవారం, ఉదయం 9.40

టర్బైన్ల సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. అయినా అమెరికా ఎంటర్‌ప్రైజ్ నౌకను 1971లో బంగాళాఖాతంలోకి పంపినప్పుడు వెనకనే వచ్చిన ఓడలు సోవియట్ జెండాతో వచ్చాయి. ఆ జెండాకు ఇవాళ వారసుడు మాస్కోనే. నేను యుద్ధం మంచిదని అనడం లేదు. మనం ఏ పక్షానా సంతకం పెట్టవద్దంటున్నాను. తీర్మానమే వద్దు, సంచికలో మంచి కథ ఒకటి వేసుకుందాం.

నిర్వాహకులు
బుధవారం, మధ్యాహ్నం 12.15

యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లో చిక్కుకున్న వైద్యవిద్యార్థులను ఉద్దేశించి "అక్కడికి ఎవరు వెళ్ళమన్నారు" అంటూ వచ్చిన ఒక వ్యాఖ్యను తొలగించాను. అలాంటి పిల్లల తల్లిదండ్రులు ఈ వేదికలో ఉన్నారు. విషయం మీదే మాట్లాడవలసిందిగా కోరుతున్నాను.

గాజువాక
బుధవారం, రాత్రి 10.20

తొలగించిన వ్యాఖ్య నేను చదివాను. లేచి వెళ్ళిన రెండో మనిషిని నేనే. నాకు చట్టమూ చరిత్రా అంతగా తెలియవు, ఆటోనగర్‌లో లేత్ మిషను పెట్టుకుని బతుకుతున్నాను. మా అమ్మాయి ఖార్కివ్‌లో మెడిసిన్ నాలుగో సంవత్సరం చదువుతుండగా యుద్ధం వచ్చింది. ఇక్కడ ప్రైవేటు కళాశాలలో అడిగిన డబ్బు మేము ఇచ్చుకోలేం కాబట్టి వెళ్ళింది.

ఫిబ్రవరి 24న ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నర దాటింది, అక్కడ ఇంకా తెల్లవారలేదు. ఫోనులో ఆమె గొంతు వెనక చప్పుళ్ళు వినిపించాయి. తలుపులు కొట్టుకుంటున్నాయేమో అనుకున్నాను. ఆరు రోజులు హాస్టల్ కింద నేలమాళిగలో ఉన్నారు. మెట్ల దగ్గర ఒక్కచోటే సిగ్నల్ అందేది, వంతులవారీగా వచ్చి ఇంటికి ఒక్కొక్క మాట చెప్పి వెళ్ళేవారు. నేను పంపిన కారప్పొడి సీసాలో అడుగున మిగిలింది పదకొండు మంది రొట్టెకు అద్దుకుని తిన్నారట. మార్చి 1న సరుకుల కోసం వరుసలో నిలబడిన కర్ణాటక విద్యార్థి ఆ ఊళ్ళోనే చనిపోయాడు. మర్నాడు మన రాయబార కార్యాలయం అక్కడి సమయం సాయంత్రం ఆరు లోపు ఎలాగైనా ఖార్కివ్ విడిచి వెళ్ళిపొమ్మని, నడిచైనా వెళ్ళమని చెప్పింది. రైల్వే స్టేషను నుంచి పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిసోచిన్‌కు మంచులో నడిచి వెళ్ళారు. తరువాత పోలాండ్ దాటి, ఆపరేషన్ గంగ విమానంలో వచ్చింది. సుమారు 22,500 మందిని వెనక్కి తీసుకొచ్చారు, అందులో మా పిల్ల ఒకతె. ప్రభుత్వానికి ఆ రుణం నేను మరవను.

నేను చెప్పదలచుకున్నది మా కష్టం కాదు. ఖార్కివ్ రష్యా సరిహద్దుకు నలభై కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆ ఊళ్ళో ఇంట్లో, బజారులో అందరూ మాట్లాడేది రష్యన్. మా అమ్మాయి నేర్చుకున్నదీ రష్యనే. హాస్టల్ వార్డెన్ అరవై ఏళ్ళ మనిషి, ఆమె అన్న బెల్గొరోద్‌లో, అంటే రష్యావైపు ఉంటాడు. మొదటి రోజున ఆమె పిల్లలతో, ఏదో పొరపాటు జరిగింది, వాళ్ళు మన మీద కాల్చరు అని చెప్పిందట. మూడో రోజున అన్నకు ఫోను చేసి ఇక్కడ బాంబులు పడుతున్నాయంటే, మీ మీద మీవాళ్ళే వేసుకుంటున్నారు, టీవీలో చూపించారు అన్నాడట. ఆమె ఫోను పెట్టేసి, పిల్లల కోసం దాచిన జాం సీసాలు తెచ్చి మూతలు తీసి ఇచ్చింది. రష్యన్ మాట్లాడేవాళ్ళను రక్షించడానికే ఈ యుద్ధమని ఉక్కునగరం పెద్దాయన అన్నారు. ఆ వార్డెన్‌ను ఎవరి నుంచి రక్షించారో నాకు అర్థం కాలేదు. ఆమె లాంటివాళ్ళను లెక్కలో వేసి "అనివార్యం" అన్న మాట రాసినప్పుడు నేను కూర్చోలేకపోయాను.

ఉక్కునగరం
గురువారం, ఉదయం 5.30

గాజువాక వారి మాటలు రాత్రి చదివాను. అమ్మాయి ఇప్పుడెలా ఉంది? చదువు పూర్తయిందా? ఆ వార్డెన్ ఉందా?

మద్దిలపాలెం
గురువారం, ఉదయం 8.00

తీర్మానమే వద్దన్న కంచరపాలెం మాటతో నేను ఏకీభవించలేను. ముసాయిదా చదివి, చేతులెత్తించి, సగం మంది ఒప్పుకున్నారని తేలాక మౌనంగా ఊరుకుంటే ఆ సగమే మన మాటగా మిగులుతుంది. రెండో వాక్యం బదులు నేను ఇది ప్రతిపాదిస్తున్నాను: "నాటో విస్తరణపై రష్యాకు ఉన్న అభ్యంతరాలు చర్చించదగినవే అయినా, అవి ఉక్రెయిన్‌పై 2022 ఫిబ్రవరి 24న మొదలైన దాడికి సమర్థన కావు, ఇరాక్ యుద్ధాన్ని నిరసించిన కారణాలతోనే ఈ యుద్ధాన్నీ నిరసిస్తున్నాం, ఆక్రమించిన నేలను కలుపుకోవడాన్ని గుర్తించరాదు."

భీమిలి మాస్టారు
గురువారం, మధ్యాహ్నం 3.25

మొదటి రెండు భాగాలతో నాకు పేచీ లేదు. మూడో భాగం దగ్గర ఆగుతున్నాను. నేలంతా తిరిగి వచ్చేదాకా యుద్ధం సాగాలని దాని అర్థమైతే నేను చెయ్యి ఎత్తను. యుద్ధం మొదలుపెట్టడం అన్యాయం అన్నంత మాత్రాన, దాన్ని చివరి మనిషి దాకా సాగించడం న్యాయమైపోదు. ఇరువైపులా పల్లెటూరి పిల్లలే చస్తున్నారు. మన పిల్లలను కూడా ఉద్యోగమని చెప్పి రష్యా సైన్యంలో చేర్పించారు, హైదరాబాదు యువకుడొకడు 2024లో అక్కడ ప్రాణం పోగొట్టుకున్నాడు. కాల్పులు ఎక్కడ ఆగితే అక్కడే ఆపాలని నేనంటాను.

మద్దిలపాలెం
గురువారం, సాయంత్రం 6.40

మాస్టారూ, కాల్పులు ఆపడం వేరు, ఆగిన గీతను సరిహద్దుగా ఒప్పుకోవడం వేరు. మొదటిది రేపే జరిగితే నాకు సంతోషం. రెండోది ఒప్పుకుంటే బలం ఉన్నవాడు గీసిందే గీత అవుతుంది. అరుణాచల్ మీద పొరుగు దేశం పటాలు అచ్చు వేస్తున్న కాలంలో మన దేశం ఆ సూత్రానికి ఒప్పుకోకూడదు. అందుకే "గుర్తించరాదు" అన్నాను గాని "తిరిగి గెలుచుకోవాలి" అనలేదు. ఈ తేడా వాక్యంలో స్పష్టంగా లేదంటే, "వెంటనే కాల్పుల విరమణ జరగాలి" అన్న మాటను దాని ముందు చేర్చండి.

భీమిలి మాస్టారు
గురువారం, సాయంత్రం 7.05

అలా చేర్చితే నేను చెయ్యి ఎత్తుతాను.

ఉక్కునగరం
గురువారం, రాత్రి 9.55

1971 గురించి తూర్పు తీరం ఇచ్చిన సమాధానానికి నేను తిరిగి సమాధానం వెతికాను. మన సేన తిరిగి వచ్చిందన్న మాటకు నా దగ్గర ఎదురు లేదు. నాటో విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. పశ్చిమ దేశాలు చేసిన వంచనను చరిత్ర లెక్కిస్తుందని ఇప్పటికీ నమ్ముతున్నాను, అందువల్ల మేడమ్ గారి కొత్త వాక్యానికి నేను చెయ్యి ఎత్తను. అయితే నా రెండో వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను. "సమర్థనీయం" అన్నదాని మీద ఇంకా వాదిస్తాను. "ప్రాణనష్టం అనివార్యం" అన్న మాట మాత్రం నేను రాయకుండా ఉండవలసింది. అది అనివార్యమని చెప్పడానికి నేను అక్కడ లేను.

ఇంకొకటి. 'గోదావరి' దగ్గర నాకు పని నేర్పిన సోవియట్ నిపుణుడు రెండేళ్ళు మా ఇంట్లో అన్నం తిన్నాడు. ఆయన రష్యనా, ఉక్రేనియనా, ఏ ఊరివాడు అని నేను ఒక్కసారీ అడగలేదు.

గాజువాక వారూ, పొద్దున అడిగినదానికి జవాబు రాలేదు. ఆ వార్డెన్ బతికే ఉంటే, ఆమెకు నేనొక ఉత్తరం రాయవచ్చునా? నాకు రష్యన్ రాయడం వచ్చు.

గాజువాక
శుక్రవారం, ఉదయం 6.15

అయ్యా, ఆలస్యానికి మన్నించండి, రాత్రి షాపులో పని ఉంది. అమ్మాయి చదువు వేరే దేశంలో పూర్తి చేసింది, ఇక్కడి అర్హత పరీక్షకు తయారవుతోంది. వార్డెన్ బతికే ఉంది. హాస్టల్ భవనం సగం పడిపోయింది, ఆమె ఊరి చివర తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంటోంది. పండుగలకు అమ్మాయికి సందేశం పెడుతుంది. అయితే ఒక సంగతి. అక్కడున్న నాలుగేళ్ళూ పిల్లలతో రష్యన్ తప్ప మాట్లాడని మనిషి, ఇప్పుడు ఉక్రేనియన్‌లోనే రాస్తోంది. అమ్మాయి రష్యన్‌లో పలకరించినా జవాబు ఉక్రేనియన్‌లోనే వస్తుంది. మా పిల్ల ఫోనులో అనువాదం పెట్టుకుని చదువుకుంటోంది. మీరు రష్యన్‌లో రాస్తే ఆమె ఏమనుకుంటుందో నాకు తెలియదు.

ఉక్కునగరం
శుక్రవారం, ఉదయం 6.50

అలాగైతే ముందు ఆమె రాసినవి ఒకటి రెండు నాకు పంపండి. రష్యన్ తెలిసినవాడికి ఉక్రేనియన్ సగం వరకు అర్థమవుతుంది. మిగతా సగం నేర్చుకుని, ఆ తరువాత రాస్తాను.